లక్ష అడిగితే ‘లక’ అంది

“ఏరా, మన గుడికి దాతలు పదివేలు దాటారా?”

పొద్దున్న ఆరున్నరకి మాస్టారి ఫోను. కూకట్‌పల్లి అద్దె గదిలో దుప్పటి ముసుగులోంచే, “అంతమంది ఎక్కడున్నారు మాస్టారూ, నాలుగొందల పన్నెండు మందే కదా” అన్నాను.

“మరి నీ వెబ్‌సైట్లో మొదటి పేరు పక్కన 10,301 అని ఉందిరా. ఆఖరి పేరు పక్కన 10,712. కంటి డాక్టరు దగ్గరికి నేను వెళ్ళాలా, నువ్వు వెళ్తావా?”

మాస్టారు నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక మా ఊరి రామాలయం జీర్ణోద్ధరణ కమిటీకి కోశాధికారి అయ్యారు. 2018 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, రచ్చబండ దగ్గర పదిమంది ముందు, ఎవరూ అడక్కుండానే, “చందాలకి నేనో వెబ్‌సైట్ చేసి పెడతాను” అన్నవాణ్ణి నేను. డాలస్‌లో ఉన్నవాడు, మెల్‌బోర్న్‌లో ఉన్నవాడు తన పేరు తెలుగులో చూసుకుని మురిసిపోవాలి, వెయ్యినూటపదహార్లు రాద్దామనుకున్నవాడు పదివేల నూటపదహార్లు రాయాలి. అదీ ఎత్తు. అది పారింది కూడా. పారనిది నా తెలివి.

అప్పటికి జాంగో నేర్చుకుని ఏడాదిన్నర. ఈ జాంగో వెబ్‌సైట్లు కట్టే పనిముట్ల పెట్టె, పైథాన్‌తో నడుస్తుంది. పుట్టింది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊళ్ళో, ఒక స్థానిక దినపత్రిక ఆఫీసులో. ఆ ఆఫీసులో పనిచేస్తున్న ఆడ్రియన్ హోలొవాటీ, సైమన్ విలిసన్ 2003లో మొదలుపెట్టారు, 2005లో లోకానికి ఇచ్చారు. పత్రికాఫీసులో పుట్టింది కాబట్టి దానికో పత్రికాఫీసు పద్ధతి ఉంది. ప్రోగ్రామర్లు ఒకపక్క, పేజీ అందం చూసే డిజైనర్లు ఒకపక్క. డిజైనర్ చేతికి వెళ్ళే కాగితం టెంప్లేట్. అందులో ఖాళీలు ఉంటాయి, ఖాళీలో ఏది పడాలో మెలికల బ్రాకెట్ల మధ్య రాస్తారు. అంతకుమించి అక్కడ ప్రోగ్రాం రాయనివ్వరు. చేతకాక కాదు, కావాలనే రాయనివ్వరు.

మా వైపు పెళ్ళి భోజనాలు చూసినవాళ్ళకి ఈ ఏర్పాటు కొత్తగా చెప్పక్కర్లేదు. పందిరి వెనక గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళు, పంక్తిలో వడ్డించేవాళ్ళు. వడ్డించేవాడు నెయ్యి కాస్త ఎక్కువ వెయ్యొచ్చు, పప్పు మీద ఆవకాయ నంజుకోమని చెప్పొచ్చు. విస్తరి ముందు కూర్చుని వంకాయలు తరగకూడదు. జాంగోలో ఆ నెయ్యి వెయ్యడం లాంటిది ఫిల్టర్: వచ్చిన విలువని కాస్త మార్చి చూపిస్తుంది, తేదీని మన పద్ధతిలో రాస్తుంది, అంకెకి కామాలు పెడుతుంది. ట్యాగ్ ఇంకొంచెం పెద్ద గరిటె: పేజీలో ఒక ముక్కనే తయారుచేసి పెట్టగలదు. జాంగోతో వచ్చే ఫిల్టర్లు, ట్యాగులు చాలకపోతే మనవి మనం రాసుకోవచ్చు. టెంప్లేట్‌ట్యాగ్స్ అని ఒక ఫోల్డర్ పెట్టి, అందులో ఒక పైథాన్ ఫైలు రాసి, ఫంక్షన్ నెత్తిన రిజిస్టర్ అనే ఒక్క వాక్యం పెడితే చాలు. అంత సులువు కావడమే నా కొంప ముంచింది.

మొదటి సరదా, పేర్లన్నీ తెలుగులో పెట్టాలని. ఇంగ్లీషు ఫిల్టర్లు అందరూ రాస్తారు, మన రాముడి గుడికి మన భాషలో రాయకపోతే ఎలా? పైథాన్ 3 వచ్చిన దగ్గర్నుంచీ, అంటే 2008 నుంచీ, ఫంక్షన్ పేర్లు తెలుగులో ఉన్నా ఒప్పుకుంటుంది. ‘లక్షల_కామా’ అని ఫంక్షన్ రాశాను. నడిచింది. ఆ రాత్రి దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకి పంపించాను, ముగ్గురు దండం బొమ్మలు పెట్టారు. తర్వాత టెంప్లేట్‌లోకి వెళ్ళి, మొత్తం పక్కన నిలువు గీత గీసి ‘లక్షల_కామా’ అని రాసి పేజీ తెరిచాను.

పసుపురంగు ఎర్రర్ పేజీ. ‘లక’ అనే ఫిల్టర్ చెల్లదు అంది.

లక ఏమిటి? నేను రాసింది లక్ష. కోడ్‌లో వెతికాను, ‘లక’ ఎక్కడా లేదు. కీబోర్డు మార్చాను. ఫాంటు అనుమానించాను. ఫైలు చెరిపి మళ్ళీ రాశాను. కొత్త ఫోల్డర్ పెట్టాక సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెడితేగానీ దాన్ని గుర్తించదు. ఆ సంగతి అప్పటికే ఒక సాయంత్రం తగలేసి నేర్చుకున్నాను కాబట్టి అదీ చేశాను. మళ్ళీ లకే. విసుగొచ్చి ఫిల్టర్ తీసేసి, ఉత్తినే ‘దాత’ అని ఒక చలరాశిని పిలిచాను. “‘దాత’లో మిగిలిన ‘ాత’ అర్థం కాలేదు” అన్నట్టుగా ఇంకో ఎర్రర్. ద ఒక్కటే తెలిసిందిట మహానుభావుడికి.

రాత్రి రెండింటికి జాంగో సోర్సు కోడ్ తెరిస్తే బోధపడింది. టెంప్లేట్‌లో పేర్లని అది ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో ఏరుకుంటుంది. ఆ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లెక్కలో పేరంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్. యూనికోడ్‌లో ‘క’ అక్షరమే. కానీ దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు, చివరికి సున్నా కూడా అక్షరాలు కావు, గుర్తులు. పైథాన్ భాష ఆ గుర్తుల్ని పేరులో భాగంగా ఒప్పుకుంటుంది, పైథాన్‌తో వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాత్రం ఒప్పుకోదు. అందుకే ల, క చదివి, కింద పొల్లు కనబడగానే పేరు అయిపోయిందనుకుని ఆగిపోయింది. గుడి కోసం రాసిన కోడ్‌లో గుడి చెల్లలేదు! తలకట్టు తప్ప ఇంకేమీ తగిలించని మాటలు మాత్రమే నడుస్తాయి: ధర, వరస, తడబడ.

ట్యాగుల పేర్లకి ఈ బాధ లేదని కూడా ఆ రాత్రే తేలింది. ట్యాగు పేరుని ఖాళీ వచ్చేదాకా ఉన్నదున్నట్టు తీసుకుంటుంది, అందులో గుణింతాలున్నా ఒత్తులున్నా దానికి పట్టదు. బుద్ధున్నవాడైతే ఇక్కడితో ఆగి, ఇంగ్లీషు పేర్లు పెట్టుకుని పడుకునేవాడు. నేను ఫిల్టర్లకి ఇంగ్లీషు పేర్లు పెట్టి, ట్యాగులు మాత్రం తెలుగులోనే రాస్తానని పట్టుబట్టాను. వాటిలో మొదటిది ‘వరస’. దాని సంగతి చివర చెప్తాను, పొద్దున్నే మాస్టార్ని లేపింది అదే.

ముందు ఆ కామాల ముచ్చట. అమెరికావాళ్ళు మూడేసి అంకెలకి కామా పెడతారు. మనకి మొదట మూడు, తర్వాత రెండేసి. చందాల జాబితాలో 1,00,116ని 100,116 అని రాస్తే మా ఊళ్ళో ఎవరూ చదవరు. అందుకని నా ఫిల్టర్ విలువని అక్షరాల దండగా మార్చి, చివరి మూడూ తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని వెనకనుంచి రెండేసి విడగొట్టి, మధ్యలో కామాలు కుట్టేది. ఆరు వాక్యాలు. చాలా గర్వపడ్డ ఆరు వాక్యాలు.

నెలరోజులు బాగానే నడిచింది. తర్వాత ఆన్‌లైన్ చెల్లింపులు పెట్టినప్పుడు, పైసలు కూడా ఉండాలని డేటాబేస్‌లో మొత్తాన్ని దశాంశాలతో దాచడం మొదలుపెట్టాను. అప్పుడు 100116 కాస్తా 100116.00 అయింది. నా ఫిల్టర్ చివరి మూడు అక్షరాలు తీసింది. ఆ మూడూ ఏమిటి? చుక్క, సున్నా, సున్నా. మిగిలిన 100116ని రెండేసి విడగొట్టింది. పేజీ మీద పడింది చూడండి: 10,01,16,.00.

లక్షా నూటపదహారు రాసినాయన రాత్రికి రాత్రి పదిలక్షల దాత అయ్యాడు. చివర్న ఉన్న ఆ కామా-చుక్కని ఎవరూ పట్టించుకోలేదు, ముందున్న పదిని అందరూ పట్టించుకున్నారు. సాయంత్రానికి ఆయన తమ్ముడు కమిటీవాళ్ళకి ఫోన్ చేసి, “మా అన్నయ్య మాకు చెప్పకుండా పదిలక్షలు గుడికి రాశాడా?” అని అడిగాడట. ఆ ఇంట్లో అప్పటికే ఒక పొలం గట్టు తగాదా ఉంది. నా కామా దానికి నెయ్యి పోసింది.

ఇంకొకాయన ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు. డేటాబేస్‌లో ఆయన మొత్తం దగ్గర ఏమీ లేదు. ఏమీ లేదనడానికి పైథాన్ ‘నన్’ అంటుంది, నాలుగు ఇంగ్లీషు అక్షరాల మాట. నా ఫిల్టర్ దాన్నీ వదల్లేదు. చివరి మూడూ తీసి పక్కన పెట్టింది, ముందున్న ఒక్కటికీ వాటికీ మధ్య కామా కుట్టింది. రూపాయి గుర్తు పక్కన ‘ఎన్’, కామా, దాని తర్వాత ఇంగ్లీషులో ‘వన్’. మాస్టారు చదివి, “ఒక్క రూపాయే ఇస్తానన్నాడేంట్రా? ఆ ముందున్న ఎన్ ఏమిటి, నేను చెప్పిన ఆల్‌జీబ్రానా?” అన్నారు.

ఫిల్టర్ రాసేవాడు తనకి ఏది వస్తుందో తెలియదనుకునే రాయాలి. అంకె వస్తుందనుకున్నచోట ఖాళీ రావచ్చు, మాట రావచ్చు. నచ్చనిది వస్తే ఉన్నదున్నట్టు వెనక్కివ్వాలి, లేదా ఖాళీ ఇవ్వాలి. జాంగో డాక్యుమెంటేషన్‌లో ఫిల్టర్ల పాఠం మొదట్లోనే ఈ మాట ఉంది. నేను ఆ పాఠంలో ఉదాహరణ కోడ్ మాత్రం కాపీ కొట్టుకున్నాను.

ఇక సిగ్గుపడాల్సింది వేరే. ఆ ఫిల్టర్ అసలు రాయక్కర్లేదు. 2017లో వచ్చిన జాంగో 1.11 నుంచీ అంకెల్ని ఎలా విడగొట్టాలో సెట్టింగుల్లోనే చెప్పొచ్చు. మన సొంత ఫార్మాట్ల ఫైలు ఒకటి పెట్టుకుని, అందులో నంబర్ గ్రూపింగ్ దగ్గర 3, 2, 0 అని రాస్తే మొదట మూడు, తర్వాత ఎప్పటికీ రెండేసి. డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన ఉదాహరణ కూడా మనదే: ఇండియాలో రాసే 10,00,00,000. ఎవరో పుణ్యాత్ములు మన పదికోట్లు చూపించి మరీ రాసిపెట్టారు. ఏడాది తర్వాత నేను కూర్చుని ఆరు వాక్యాల్లో లక్షని పదిలక్షలు చేశాను. కాకపోతే ఆ సెట్టింగుకీ ఒక తిక్క ఉంది. వేల కామా అన్నిచోట్లా వెయ్యమంటే సంవత్సరానికి కూడా వేసి, 2018ని 2,018 చేస్తుంది. దానికి విరుగుడు వాళ్ళే ఇచ్చారు, కామా వద్దన్నచోట ‘అన్‌లోకలైజ్’ అంటే ఊరుకుంటుంది.

అన్నట్టు ఫిల్టర్‌కి ఒక హద్దుంది. అసలు విలువ కాక ఇంకొక్కటే ఇవ్వగలం, మొత్తం రెండు. జాంగో పేరు వచ్చింది జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ విద్వాంసుడి నుంచి. అగ్నిప్రమాదంలో ఎడమచేతి వేళ్ళు రెండు దెబ్బతింటే, మిగిలిన రెండు వేళ్ళతో తీగల మీద అద్భుతాలు చేశాడాయన. నాకు రెండు చాలలేదు. రంగు, భాష, కామా పద్ధతి మూడూ ఒకే మాటగా గుచ్చి, మధ్యలో సెమికోలన్లు పెట్టి పంపి, లోపల మళ్ళీ విడగొట్టుకునేవాణ్ణి. మూడు నెలల తర్వాత చూస్తే ఏ సెమికోలన్ తర్వాత ఏముండాలో నాకే గుర్తు లేదు. ఇంకో పూట ఎలా పోయిందంటే, ఫిల్టర్ల ఫైలుని మూల టెంప్లేట్‌లో లోడ్ చేశాను కదా, దాన్నుంచి పుట్టిన టెంప్లేట్‌కీ వస్తుందనుకున్నాను. రాదు. ఆస్తి తండ్రి నుంచి కొడుక్కి వస్తుందేమోగానీ లోడ్ రాదు, ఎవడిది వాడే చేసుకోవాలి.

ఇవన్నీ నవ్వుకునేవి. నవ్వుకోలేనిది ఒకటుంది.

ప్రతి దాత పేరు కింద గోత్రం, ఊరు, ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో వేరే వేరే వరసల్లో రావాలి. దాత ఫారంలో ఎంటర్ కొట్టి రాసుకుంటాడు, బ్రౌజర్‌లో ఆ ఎంటర్ కనబడదు. దానికి జాంగోలో ‘లైన్‌బ్రేక్స్‌బీఆర్’ అని తయారైన ఫిల్టర్ ఉంది. నాకు తెలియదు, తెలుసుకోలేదు, నాది నేను రాశాను. రాస్తే ఏమైంది, వరస విరగాల్సినచోట హెచ్‌టీఎంఎల్ ట్యాగు అక్షరాలుగా తెర మీద పడింది. ఎందుకంటే జాంగో ఏది వచ్చినా అనుమానిస్తుంది. కోణం గుర్తు కనబడితే దాన్ని ఉత్త అక్షరంగా మార్చేసి చూపిస్తుంది. 2008లో వచ్చిన 1.0 నుంచీ ఇది దాని స్వభావం. ఆ అనుమానం పోగొట్టే మంత్రం ‘మార్క్ సేఫ్’. ఈ మాటలన్నిటికీ పూచీ నాది, నమ్ము అని చెప్పడం. చెప్పాను. దాతలు రాసిన ప్రతి అక్షరానికీ, చూడకుండా, నేను పూచీ పడ్డాను.

డాలస్ నుంచి ఒకాయన వాళ్ళ నాన్నగారి పేరు మీద ఇచ్చారు. పేరు తెలుగులో రాసి, దాని ముందు ఇంగ్లీషులో ‘లేట్’ అని, ఎందుకో ఆ మాటకి అటూ ఇటూ కోణం గుర్తులు పెట్టారు. మామూలు బ్రాకెట్టు పెట్టినట్టే పెట్టి ఉంటారు. బ్రౌజర్ కోణాల మధ్య ఇంగ్లీషు మాట చూసి, ఇదేదో నాకు తెలియని ట్యాగు అనుకుని మింగేసింది. మా జాబితాలో ఆ పెద్దాయన పేరు ముందు ‘లేట్’ లేదు. ఆయన పోయి మూడేళ్ళు. పేరు చూసి ఊళ్ళో ఒకళ్ళిద్దరు ఆయన భార్యకి ఫోన్ చేశారట, “ఆయనకి బాగాలేదని విన్నాం, ఇప్పుడు ఎలా ఉన్నారమ్మా, గుడికి కూడా రాశారు, సంతోషం” అని.

ఆ కొడుకు నాకు ఫోన్ చేసి తిట్టలేదు. “తమ్ముడూ, ‘లేట్’ ఒక్కటి తగిలించండి, అమ్మ బాధపడుతోంది” అన్నారు. నేను క్షమాపణ చెప్పడానికి నోరు తెరిస్తే, “కోణం పెట్టడం నా పొరపాటే లెండి” అన్నారు. ఆయనది కాదు. మనిషి ఫారంలో ఏమైనా రాస్తాడు. అమాయకుడు కోణం పెడితే ఒక మాట మాయమైంది, దుర్మార్గుడెవడైనా ఆ కోణాల మధ్య స్క్రిప్టు రాసి ఉంటే చందాల పేజీ వాడి చెప్పుచేతల్లోకి వెళ్ళేది. ఇలాంటిచోట ‘ఫార్మాట్ హెచ్‌టీఎంఎల్’ వాడాలి. మనం రాసిన ట్యాగుల్ని ఉంచుతుంది, అవతలివాడు రాసినదాన్ని అనుమానంగానే చూస్తుంది. ఆ రోజు తర్వాత ‘మార్క్ సేఫ్’ అన్న మాట నా కోడ్‌లో ఇంకెక్కడెక్కడ ఉందో వెతికితే పదకొండు చోట్ల కనబడింది.

దాతకి ఫొటో లేకపోతే కాషాయం రంగు గుండ్రంలో పేరులోని మొదటి అక్షరం పెట్టేవాణ్ణి. దానికీ ఒక ఫిల్టర్. మొదటి అక్షరం అంటే పైథాన్‌కి మొదటి కోడ్ పాయింట్. మా కృష్ణవేణి పిన్ని గుండ్రంలో ‘క’ పడింది. “నేను క అట్రా? కాకిలో క నా?” అంది పిన్ని. సరే, రెండు తీసుకోమన్నాను. పిన్నికి ‘కృ’ వచ్చింది, శ్రీనివాసరావు గారికి శకారం కింద పొల్లు వచ్చింది, రమ గారికి పేరంతా వచ్చేసింది. తెలుగు అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో మనకి పలకా బలపం నాడే తెలుసు. యూనికోడ్ నిబంధనల్లో మాత్రం ‘శ్రీ’ లాంటి ఒత్తక్షరాన్ని విడగొట్టకుండా ఒక్కటిగా చూడమని 2023లో వచ్చిన 15.1తోనే చేర్చారు. ఇక్కడ నా తప్పు సగమే అని వాదిస్తాను. ఈ ఒక్క ఫిల్టర్ మీద నాకు ఇప్పటికీ ప్రేమ ఉంది, పొల్లు తర్వాతి హల్లుని కూడా కలుపుకునేలా నేనే రాసుకున్నాను, అది ఇంతవరకూ తప్పలేదు.

ఈ లోపు పేజీ నెమ్మదించింది. మాస్టారు లింకు నొక్కి, గుళ్ళోకి వెళ్ళి తీర్థం పుచ్చుకుని వచ్చేసరికి తెరుచుకుంటోందట. నా లాప్‌టాప్‌లో చిటికెలో తెరుచుకునేది. నా లాప్‌టాప్‌లో దాతలు ఆరుగురు.

కొందరు చందా విడతలవారీగా ఇచ్చారు. ప్రతి పేరు పక్కనా మొత్తం ఎంతో, ఆఖరి విడత ఎప్పుడో రావాలి. ఆ లెక్క వంటింట్లో, అంటే వ్యూలో, ఒక్కసారి వేసి పంపాలి. వ్యూ ఫైలు అప్పటికే పెద్దదైపోయిందని బద్ధకించి రెండు ఫిల్టర్లు రాశాను. దాతని ఇస్తే డేటాబేస్‌కి వెళ్ళి కూడిక చేసుకొచ్చేది ఒకటి, ఆఖరి తేదీ తెచ్చేది ఒకటి. టెంప్లేట్‌లో చూడ్డానికి ఎంత ముద్దుగా ఉండేదో! దాత, నిలువు గీత, మొత్తం. అంతే. జాబితా తేవడానికి ఒక క్వెరీ, మనిషికి రెండు చొప్పున 824. పేజీ ఒక్కసారి తెరిస్తే డేటాబేస్‌కి 825 సార్లు వెళ్ళొస్తోంది. ఆరుగురితో అయితే పదమూడే, తెలియదు. డీబగ్ టూల్‌బార్ పెట్టి అసలు జాబితాతో తెరిస్తే ఆ అంకె కనబడింది. పెళ్ళి పంక్తిలో 412 విస్తళ్ళు వేసి, ప్రతి విస్తరి ముందూ రెండేసి పొయ్యిలు వెలిగించినట్టు. వ్యూలో ‘యానొటేట్’ అని ఒక్క మాటతో కూడిక, ఆఖరి తేదీ రెండూ జాబితాతో పాటే తెప్పిస్తే క్వెరీ ఒకటయింది.

ఇక ‘వరస’.

జాబితాని ఊళ్ళవారీగా విడగొట్టాను. మా ఊరు, పక్క ఊళ్ళు, హైదరాబాద్, విదేశాలు. వరస సంఖ్య మాత్రం ఒకటి నుంచి చివరిదాకా తెగకుండా సాగాలని మాస్టారి ఆజ్ఞ. జాంగో ఇచ్చే ‘ఫర్‌లూప్ కౌంటర్’ ప్రతి గుంపు దగ్గరా మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. అందుకని సొంత ట్యాగు రాశాను. పిలిచినప్పుడల్లా తనలో దాచుకున్న అంకెకి ఒకటి కలిపి చూపిస్తుంది. సొంత ట్యాగులో రెండు దశలుంటాయి. టెంప్లేట్‌ని చదివి దాన్ని నోడ్‌లుగా కట్టేది ఒక దశ, కట్టిన నోడ్‌ల చేత పేజీ పలికించేది రెండో దశ. నేను అంకెని ఆ నోడ్‌లోనే దాచాను. లాప్‌టాప్‌లో పేజీ తెరిచిన ప్రతిసారీ టెంప్లేట్‌ని కొత్తగా చదివి కొత్త నోడ్ కట్టేది, అంకె ఒకటి నుంచి మొదలయ్యేది. అసలు సర్వర్ మీద అలా కాదు. అక్కడ తప్పులు చూపించే డీబగ్ ఆపి ఉంటుంది. అలా ఆపితే, 1.11 నుంచీ, ఒకసారి కట్టిన టెంప్లేట్‌ని జాంగో దాచిపెట్టి మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. నోడ్ చావదు. అందులో నా అంకె కూడా చావదు.

మొదట తెరిచినాయనకి 1 నుంచి 412. రెండో ఆయనకి 413 నుంచి 824. ఇరవయ్యారో మనిషి మాస్టారు. పైగా సర్వర్‌లో పనిచేసే ప్రాసెస్‌లు మూడు, ఒక్కోదాని నోడ్ దానిదే, ఒక్కోదాని అంకె దానిదే. నేను దుప్పటి తీసి లేచి చూస్తే నాకు 8,653తో మొదలైంది. మాస్టారు మళ్ళీ నొక్కితే ఆయనకి 10,713. “ఏరా, నేను నీతో మాట్లాడుతుండగా ఇంకో నాలుగొందలమంది రాశారా?” అన్నారు.

నాకు నవ్వు రాలేదు. డాక్యుమెంటేషన్ తెరిచాను. సొంత ట్యాగుల పేజీలో, నేనెప్పుడూ చదవని భాగంలో, అచ్చంగా నా తప్పే ఉంది. ఇలా నోడ్‌లో స్థితి దాచకండి, ఒకేసారి ఇద్దరు పేజీ తెరిస్తే ఒకరిది ఒకరికి కలిసిపోతుంది, రెండర్ కాంటెక్స్ట్‌లో దాచుకోండి అని, తప్పు కోడూ ఒప్పు కోడూ పక్కపక్కనే పెట్టి రాశారు. 2022లో వచ్చిన 4.1 నుంచి లాప్‌టాప్‌లో కూడా టెంప్లేట్లని దాచే పద్ధతి పెట్టారు కాబట్టి, ఈ రోజుల్లో నాలాంటివాడు ఈ తప్పుని రెండోసారి పేజీ తెరిచినప్పుడే పట్టుకుంటాడు. నాకు పట్టిచ్చింది మాస్టారు.

సరిచెయ్యడానికి ట్యాగు కూడా అక్కర్లేదు. వ్యూలో జాబితా కట్టేటప్పుడే ప్రతి దాతకీ సంఖ్య ఇచ్చి పంపితే సరిపోయింది. నా పంతొమ్మిది ఫిల్టర్లు, ట్యాగుల్లో పదిహేడు తీసేశాను. మిగిలినవి రెండు. మొదటి అక్షరం తీసే ఫిల్టర్, దాత వరసని అన్ని పేజీల్లో ఒకేలా చూపించే ఇన్‌క్లూజన్ ట్యాగు. రెండిటికీ ఇంగ్లీషు పేర్లే.

ఆ ఏడాది కార్తీకంలో ముఖమంటపం గోడకి నల్ల గ్రానైట్ పలక పెట్టి దాతల పేర్లు చెక్కించారు. చెక్కేవాడికి జాబితా కావాలంటే నేను ప్రింటవుట్ తీసి పంపించాను. మాస్టారు అది తీసుకుని, చదివి, మడిచి జేబులో పెట్టుకుని, తన రూళ్ళ నోటుబుక్కులోంచి రాసిచ్చారని తర్వాత తెలిసింది. మొన్న వెళ్ళినప్పుడు చూశాను. నాలుగొందల పన్నెండు పేర్లూ ఉన్నాయి, ఆ పెద్దాయన పేరు ముందు ‘కీర్తిశేషులు’ అని ఉంది, లక్షా నూటపదహారుకి కామాలు సరిగ్గా ఉన్నాయి. వరస సంఖ్యలు లేవు.